దగ్గు, జ్వరం అందరిదీ ఒకటే.. లోపలున్న వైరస్ ఏది? భద్రాచలం ఏజెన్సీలో శాంపిల్ తీస్తే ఎటు వెళ్తుంది, ఏం తేలుతుంది?

జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు. వానలు మొదలయ్యాక భద్రాచలం ఏరియా ఆస్పత్రి ఓపీలో నిలబడ్డ వాళ్లలో చాలామంది చెప్పేవి ఇవే. చర్ల నుంచి వచ్చినవాళ్లూ ఇదే చెప్తారు, దుమ్ముగూడెం నుంచి వచ్చినవాళ్లూ ఇదే చెప్తారు. కానీ ఈ లక్షణాల వెనక ఇన్‌ఫ్లుయెంజా ఉండొచ్చు. ఆర్‌ఎస్‌వీ ఉండొచ్చు. కోవిడ్ కావొచ్చు. అసలు వైరసే కాకపోవచ్చు కూడా. మనిషిని చూసి, స్టెతస్కోప్ పెట్టి ఇది ఫలానా వైరస్ అని తేల్చడం ఎంత సీనియర్ డాక్టర్‌కైనా కష్టమే.

మరి ఎలా తేలుస్తారు? పరీక్షకు ఏం కావాలి? అడవి అంచున ఉన్న గూడేనికీ, నగరంలోని ల్యాబ్‌కీ మధ్య ఆ శాంపిల్‌కు ఏమవుతుంది? వివరాలు ఇవీ.

ముందు మలేరియా.. ఆ తర్వాతే మిగతావి

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు, అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు వెళ్లేకొద్దీ జ్వరం అనే మాటకు అర్థం మారుతుంది. ఏజెన్సీలో జ్వరం అంటే మొదట గుర్తొచ్చేది మలేరియా. ఆశా కార్యకర్త దగ్గర ఉండే కిట్‌తో వేలి మీద చుక్క రక్తం తీసి అక్కడికక్కడే చూస్తారు. అది సరైన పద్ధతే. మలేరియాకు పక్కా మందు ఉంది, ఆలస్యం అయితే ప్రాణానికే ప్రమాదం.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. మలేరియా లేదు అని తేలింది, డెంగీ కూడా లేదు. దగ్గు మాత్రం తగ్గట్లేదు. రెండు వారాలు దాటిన దగ్గు అయితే తెమడ తీసి టీబీ పరీక్షకు పంపాలి. అంతకన్నా తక్కువ రోజులైతే? ఎక్కువసార్లు ఈ దశలో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, నాలుగు యాంటీబయోటిక్ మాత్రలతో కథ ముగుస్తుంది. వైరస్ అయితే ఆ యాంటీబయోటిక్ పైసా పని చేయదు. జబ్బు తనంతట తాను తగ్గితే పేరు మాత్రం ఇంజెక్షన్‌కు వస్తుంది.

ఏ వైరస్ అయితే ఏంటి అనుకోవచ్చు. తేడా ఉంది. ఇన్‌ఫ్లుయెంజాకు ఓసెల్టామివిర్ అనే మందు ఉంది, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు ఇస్తే ఎక్కువ ఫలితం. రెండేళ్లలోపు పిల్లల్లో పిల్లికూతలు, ఆయాసం తెచ్చే ఆర్‌ఎస్‌వీకి అలాంటి మాత్ర లేదు. ఆక్సిజన్, పాలు లేదా ద్రవాలు అందేలా చూడటం, దగ్గరుండి గమనించడమే వైద్యం. హెచ్‌ఎంపీవీ సంగతీ అంతే. ఇక వార్డులో పక్క మంచం మీద ఎవరిని పడుకోబెట్టాలన్నది కూడా వైరస్ పేరు తెలిస్తేనే తేలుతుంది. గర్భిణి పక్కన ఫ్లూ పేషెంట్‌ను పెట్టకూడదు కదా.

హెచ్‌ఎంపీవీ అంటే 2025 జనవరిలో ఫోన్లన్నీ మోగిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. బెంగళూరులో ఇద్దరు పసిపిల్లల్లో అది బయటపడగానే చైనా నుంచి కొత్త వైరస్ అంటూ వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. నిజానికి దాన్ని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లోనే గుర్తించారు. మన దేశంలో అంతకుముందు నుంచే ఉందని కేంద్ర ఆరోగ్య శాఖ కూడా అప్పుడే చెప్పింది. వెతికితే కనబడింది, అంతే. ఇంతకాలం వెతికేందుకు కిట్ వాడింది తక్కువ.

అసలు పరీక్ష ముక్కు దగ్గరే మొదలు

ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా, శాంపిల్ సరిగా తీయకపోతే రిపోర్ట్‌కు విలువ లేదు. స్వాబ్‌ను ముక్కు చివర తిప్పి తీసేస్తే సరిపోదు. ముక్కు రంధ్రం గుండా లోపలికి, ముక్కు వెనక గొంతు పైభాగం కలిసే చోటు దాకా వెళ్లాలి. అక్కడ కొన్ని సెకన్లు ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలి. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, పిల్లలైతే గింజుకుంటారు. చాలాచోట్ల గొంతులోంచి ఇంకో స్వాబ్ తీసి రెండిటినీ ఒకే ట్యూబ్‌లో వేస్తారు.

స్వాబ్ పుల్ల కూడా ఏదో ఒకటి కాదు. చెక్క పుల్లకు దూది చుట్టింది పనికిరాదు. చెక్కలోని పదార్థాలు పీసీఆర్ రసాయన చర్యను అడ్డుకుంటాయి. ప్లాస్టిక్ పుల్లకు నైలాన్ లేదా పాలిస్టర్ కుచ్చు ఉన్నదే వాడాలి. తీశాక వేసేది వీటీఎం ట్యూబ్‌లో. లోపల గులాబీ రంగు ద్రవం కనిపిస్తుంది కదా, అది వైరస్ ఎండిపోకుండా, బ్యాక్టీరియా పెరిగి పాడుచేయకుండా కాపాడే ద్రవం.

ఎప్పుడు తీశారన్నది కూడా ముఖ్యమే. లక్షణాలు మొదలైన మొదటి మూడు రోజుల్లో తీస్తే మంచిది, ఏడు రోజులు దాటితే వైరస్ దొరికే అవకాశం తగ్గిపోతుందని ఐసీఎంఆర్ కోవిడ్ సమయంలో చెప్పింది. ఫ్లూకూ దాదాపు ఇదే లెక్క. ఏజెన్సీలో మొదటి దెబ్బ ఇక్కడే పడుతుంది. మొదటి రెండు రోజులు ఇంట్లో కషాయం, మూడో రోజు ఆర్‌ఎంపీ, ఐదో రోజు పీహెచ్‌సీ, అక్కడి నుంచి భద్రాచలం. స్వాబ్ తీసేసరికి వారం అయిపోతుంది. అప్పుడు నెగెటివ్ వస్తే వైరస్ లేదని కాదు, ఉన్నప్పుడు చూడలేదని.

72 గంటలు.. మధ్యలో గోదావరి

వీటీఎం ట్యూబ్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అలా ఉంచితే 72 గంటల దాకా పరీక్షకు పనికొస్తుంది. అంతకన్నా ఆలస్యం అయ్యేలా ఉంటే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్ కావాలి. అలాంటి ఫ్రీజర్ పీహెచ్‌సీ స్థాయిలో ఊహించలేం. అందుకే ఐస్ ప్యాక్‌లు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్‌లో, మూడు పొరల ప్యాకింగ్‌తో పంపిస్తారు. ట్యూబ్ చుట్టూ లీకేజీ పీల్చుకునే దూది, దాని చుట్టూ గట్టి డబ్బా, ఆపైన బయటి పెట్టె.

మ్యాప్ చూస్తే సమస్య ఇంకా బాగా అర్థమవుతుంది. భద్రాచలం గోదావరికి ఉత్తర ఒడ్డున ఉంది. దుమ్ముగూడెం, చర్ల కూడా అటువైపే. జిల్లా కేంద్రం కొత్తగూడెం, ఆపైన ఖమ్మం, వరంగల్, హైదరాబాద్ అన్నీ ఇటువైపు. అంటే ఉత్తర ఒడ్డున తీసిన శాంపిల్ పెద్ద ల్యాబ్‌కు రావాలంటే సారపాక దగ్గర బ్రిడ్జి దాటాల్సిందే. భద్రాచలం నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్ల పైమాటే.

2022 జులైలో ఏం జరిగిందో చూడండి. 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక ఇదే పెద్ద వరద. ముంపు గ్రామాలను ఖాళీ చేయించారు, జనం పునరావాస కేంద్రాలకు చేరారు, బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. ఇప్పుడు పక్కనే రెండో వంతెన వచ్చింది. కానీ చర్ల, దుమ్ముగూడెం రోడ్ల మీదికి వరద నీరు వస్తే భద్రాచలం చేరడమే గగనం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. ఒకటి జనవరి నుంచి మార్చి మధ్య, రెండోది వర్షాకాలంలో. అంటే ఒకే హాలులో వందల మంది పడుకునే పునరావాస కేంద్రాలు, తెగిపోయిన దారులు, ఫ్లూ సీజన్.. మూడూ ఒకేసారి వస్తాయి. శాంపిల్ ఎక్కువ తీయాల్సిన రోజుల్లోనే దాన్ని పంపడం అన్నిటికన్నా కష్టం.

2021 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి 19 జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు ప్రారంభించింది. ఆ జాబితాలో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం రెండూ ఉన్నాయి. పీహెచ్‌సీల నుంచి శాంపిళ్లు వాహనాల్లో తెప్పించి 57 రకాల పరీక్షలు ఉచితంగా చేయాలన్నది ప్లాన్. రక్తం, మూత్రం లాంటి పరీక్షలకు ఇది బాగా పనికొచ్చే ఏర్పాటు. ముక్కులో వైరస్ పట్టుకునే పరీక్ష మాత్రం వేరే వ్యవహారం. దానికి ప్రత్యేక గదులు, బయోసేఫ్టీ క్యాబినెట్, శిక్షణ ఉన్న సిబ్బంది ఉండాలి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలవడం ఈ కోణంలో పెద్ద విషయం. మెడికల్ కాలేజీ అంటే మైక్రోబయాలజీ విభాగం తప్పనిసరి.

ల్యాబ్‌లో జరిగేది ఇదీ

ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, కరోనా.. ఇవన్నీ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. ముందు శాంపిల్ నుంచి ఆర్‌ఎన్‌ఏను వేరుచేస్తారు. ఒక ఎంజైమ్ సాయంతో దాన్ని డీఎన్‌ఏగా మారుస్తారు. ఆ తర్వాత పీసీఆర్ మెషీన్‌లో వేడి చేస్తూ, చల్లబరుస్తూ కాపీలు తీస్తారు. ఒక్కో సైకిల్‌కు కాపీలు రెట్టింపు. 10 సైకిళ్లకు ఒకటి 1,024 అవుతుంది. 20 సైకిళ్లకు 10 లక్షలు దాటుతుంది. వెతుకుతున్న వైరస్ ఉంటేనే మెరిసేలా ముందే ఒక రసాయనం కలుపుతారు. మెరుపు ఎన్నో సైకిల్ దగ్గర కనబడిందో అదే సీటీ వాల్యూ.

సీటీ 18 అని ఒకరికి, 32 అని ఇంకొకరికి వచ్చిందనుకోండి. మధ్యలో 14 సైకిళ్ల తేడా. మొదటి శాంపిల్‌లో వైరస్ జన్యు పదార్థం దాదాపు 16 వేల రెట్లు ఎక్కువ ఉన్నట్టు లెక్క. అయితే జబ్బు కూడా అన్ని రెట్లు తీవ్రం అని కాదు. స్వాబ్ ఎంత లోతుకు వెళ్లింది, ఎన్నో రోజు తీశారు అన్నదాన్ని బట్టి కూడా ఈ నంబర్ మారుతుంది. రిపోర్ట్‌లో సీటీ చూసి కంగారు పడేవాళ్లు చాలామంది, అంత అవసరం లేదు.

ఇందులో జనానికి తెలియని ఒక మంచి ఏర్పాటు ఉంది. ఒకే ట్యూబ్‌లో వైరస్‌తో పాటు మనిషి కణాల్లో ఉండే ఆర్‌నేజ్ పీ అనే జన్యువు కోసం కూడా చూస్తారు. అది కూడా కనబడలేదంటే స్వాబ్‌కు మనిషి కణాలే అంటలేదని, లేదా ప్రాసెస్‌లో ఏదో తేడా వచ్చిందని అర్థం. అలాంటప్పుడు నెగెటివ్ అని రాయకూడదు. మళ్లీ శాంపిల్ తీయాలి. చర్ల అవతల గుత్తికోయల గూడెం నుంచి నడిచి వచ్చి స్వాబ్ ఇచ్చి వెళ్లిపోయిన మనిషిని మళ్లీ రమ్మనడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? మొదటిసారే సరిగా తీయాలి అనేది అందుకే.

ఒక్కో వైరస్‌కు ఒక్కో పరీక్ష చేస్తే రోజులు పడతాయి. అందుకే ఇప్పుడు మల్టీప్లెక్స్ కిట్లు వాడుతున్నారు. ఒకే శాంపిల్‌లో ఇన్‌ఫ్లుయెంజా ఏ, బీ, కరోనా, ఆర్‌ఎస్‌వీ, అడినో, హెచ్‌ఎంపీవీ లాంటివి ఒకేసారి వెతకొచ్చు. ఖర్చు ఎక్కువ. అందువల్ల దగ్గుతో వచ్చిన ప్రతి ఒక్కరికీ చేయరు, చేయాల్సిన అవసరం కూడా లేదు. 38 డిగ్రీల పైన జ్వరం, దగ్గు, పది రోజుల్లోపు మొదలై ఆస్పత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే దాన్ని సారీ కేసు అంటారు. ముందు వరస వీళ్లదే. కేంద్రం 2013-14లో మంజూరు చేసిన పథకం కింద ఏర్పాటైన వీఆర్‌డీఎల్ ల్యాబ్‌లు ఈ పని చేస్తాయి. హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా మెడికల్ కాలేజీల్లో ఇవి ఉన్నాయి. అన్నిటికీ పెద్ద దిక్కు పుణెలోని ఎన్‌ఐవీ, 1952లో మొదలైన సంస్థ.

2020 నేర్పిన సంగతి

కరోనా మొదట్లో తెలంగాణ శాంపిళ్లు పుణెకే వెళ్లేవి. తర్వాత గాంధీలో పరీక్షలు మొదలయ్యాయి, ఆపై వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీకి అనుమతి వచ్చింది. ఏజెన్సీకి అదే దగ్గరి ల్యాబ్ అన్నమాట.

ఆ ఏడాది ఆగస్టు మొదట్లో భద్రాచలం ప్రాంతం మొత్తాన్ని కదిలించిన మరణం సున్నం రాజయ్యది. మూడుసార్లు భద్రాచలం ఎమ్మెల్యేగా గెలిచిన సీపీఎం నేత, బస్సుల్లో తిరిగే ఎమ్మెల్యేగా పేరున్న మనిషి. సొంతూరు సున్నంవారిగూడెం ఉన్న వీఆర్‌పురం మండలం 2014లో ఏపీలోకి వెళ్లింది. జ్వరంతో మొదలైంది, భద్రాచలంలో కోవిడ్ పాజిటివ్ అని తేలింది, అక్కడి నుంచి విజయవాడ తీసుకెళ్లారు. ప్రాణం దక్కలేదు. సరిహద్దు అటూ ఇటూ ఉన్న మండలాల వాళ్లకు ఆ రూట్ కొత్తేం కాదు. ఊరు ఒక రాష్ట్రం, పరీక్ష ఇంకో రాష్ట్రం, పెద్దాస్పత్రి మళ్లీ మొదటి రాష్ట్రం.

ఇప్పటికీ అంతే. చింతూరు, కూనవరం నుంచి, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి జనం భద్రాచలమే వస్తారు. మూడు రాష్ట్రాల పేషెంట్లు ఒకే ఓపీ క్యూలో ఉంటారు. కేసుల సమాచారం ఐహెచ్‌ఐపీ అనే కేంద్ర పోర్టల్‌లో ఎక్కిస్తారు. గ్రామంలో లక్షణాలు చూసి ఏఎన్‌ఎం నింపేది ఎస్ ఫారం, డాక్టర్ అనుమానించి రాసేది పీ ఫారం, ల్యాబ్ నిర్ధారించాక ఎల్ ఫారం. పేషెంట్ అడ్రస్ సరిగా రాయకపోతే వైరస్ తేలినా అది ఏ గూడెంలో తిరుగుతోందో తేలదు. భద్రాచలంలో చుట్టాల ఇంటి అడ్రస్ ఇచ్చేవాళ్లతో వచ్చే ఇబ్బంది ఇదే.

దారి దూరం అయినప్పుడు మెషీన్‌నే దగ్గరికి తేవడం ఒక ఉపాయం. గోవాకు చెందిన మోల్‌బయో తయారుచేసిన ట్రూనాట్ అలాంటిదే. టీబీ కోసం వచ్చిన మెషీన్ ఇది, బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ పరీక్షకూ ఐసీఎంఆర్ ఓకే చెప్పింది. సుమారు గంటలో ఫలితం. కాకపోతే ఒక చిప్ మీద ఒకటి రెండు వైరస్‌లే చూడగలదు, ఒక్కసారికి ఎక్కువ శాంపిళ్లు పెట్టలేం.

పావుగంటలో తేల్చే ర్యాపిడ్ యాంటిజెన్ కిట్ ఇంకా సులువు. దాని లోపం కూడా తెలిసుండాలి. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ పరిశీలించిన కిట్, వైరస్ ఉన్నవాళ్లలో 50.6 నుంచి 84 శాతం మందినే పట్టుకోగలిగింది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించాల్సిందేనని అప్పుడే రూల్ పెట్టారు.

పాజిటివ్ వచ్చిందంటే అదే కారణమా?

ఎప్పుడూ కాదు. న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరిన పిల్లలపై బంగ్లాదేశ్, కెన్యా సహా ఏడు దేశాల్లో పెర్చ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, 2019లో లాన్సెట్‌లో వచ్చింది. జబ్బుపడిన పిల్లలతో పాటు ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కులోంచి కూడా స్వాబ్ తీశారు. రైనోవైరస్ లాంటివి ఏ జబ్బూ లేని పిల్లల్లోనూ బాగానే కనిపించాయి. ఆర్‌ఎస్‌వీ మాత్రం వేరు, అది కనబడితే చాలావరకు కారణం అదే. లెక్కలన్నీ చూశాక న్యుమోనియా కేసుల్లో 61 శాతం వైరస్‌ల వల్లేనని, ఒక్క ఆర్‌ఎస్‌వీ వాటానే 31 శాతమని తేల్చారు. బ్యాక్టీరియా వాటా 27 శాతం. పావు వంతుకు పైగా బ్యాక్టీరియా ఉంది కాబట్టి, వైరస్ పాజిటివ్ అనగానే యాంటీబయోటిక్ ఆపేయాలని కూడా అనుకోకూడదు. అది డాక్టర్ పేషెంట్‌ను చూసి తీసుకునే నిర్ణయం.

ఇంకో సంగతి. కొన్నిసార్లు ఇన్‌ఫ్లుయెంజా ఏ అని వస్తుంది కానీ, మామూలుగా తిరిగే హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 రెండిట్లో ఏదీ కాదని తేలుతుంది. అలాంటి శాంపిల్‌ను పక్కన పెట్టకూడదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఓ చిన్నారి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని పుణె ఎన్‌ఐవీ నిర్ధారించింది. అంతకు నెల ముందే గోదావరి జిల్లాల్లో కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడితే, తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి అటు నుంచి వచ్చే కోళ్ల బండ్లను ఆపారు. ఏజెన్సీలో నాటు కోళ్లు లేని ఇల్లు అరుదు. అందుకే ఊళ్లో కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోయాక ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే ఆ కోళ్ల సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ల్యాబ్ ఏం వెతకాలో ఆ ఒక్క మాటతో మారిపోవచ్చు.

రిపోర్ట్ వచ్చేదాకా ఆగొద్దు

స్వాబ్ ఇచ్చాక ఫలితం కొన్ని గంటల్లో రావొచ్చు, మూడు నాలుగు రోజులూ పట్టొచ్చు. పిల్లల ఆయాసం అన్ని రోజులు ఆగదు. ఇక్కడ ల్యాబ్ అక్కర్లేని పరీక్ష ఒకటి ఉంది. బిడ్డ ఏడవకుండా, నిద్రలో లేదా నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట, ఛాతీ ఎన్నిసార్లు లేస్తున్నాయో నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పసికందుకు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగంగా ఊపిరి తీయడం కిందే లెక్క. ఆశా కార్యకర్తలకు ఈ లెక్క నేర్పుతారు, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని తల్లి కూడా చేయొచ్చు.

ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా పడి ఉండటం, ఫిట్స్.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వైరస్ పేరు కోసం చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రికి వెళ్లాక డాక్టర్‌కు జ్వరం ఏ రోజు మొదలైందో, అప్పటిదాకా ఏ ఇంజెక్షన్, ఏ మాత్రలు వేశారో చెప్పాలి. వాడిన మందుల పట్టీలు ఉంటే వెంట తీసుకెళ్లాలి.